అంచు మీద ముక్కాలి

కంచరపాలెం
3 ఆగస్టు 2025

నేను చూసిన ప్లేట్లన్నీ పక్కన పడెయ్యమని మా కాలేజీ ల్యాబ్ ఉమామహేష్ సార్‌కి రాసింది నువ్వే. నాకు ఒక్క మాట చెప్పలేదు.

శుక్రవారం పొద్దున మైక్రోస్కోప్ మీద గుడ్డ తీస్తున్నాను. సార్ వచ్చి మళ్లీ కప్పెయ్యమన్నాడు. "మీ అప్ప మెయిల్ పెట్టిందయ్యా. నీది హార్బర్ లెక్కట కదా" అని నవ్వాడు. పక్క మైక్రోస్కోప్ దగ్గర రోజారమణి కూర్చుని ఉంది. ఆవిడ నవ్వలేదు, అదొక్కటే నాకు మిగిలిన మర్యాద. కబురు పెట్టేదాకా రావద్దన్నాడు. గుడ్డ కప్పేసి వచ్చేశాను.

ఆ స్టూలు మీద నన్ను కూర్చోబెట్టింది నువ్వు. ఫిషింగ్ హార్బర్ ఐస్ ప్లాంట్‌లో దిమ్మలు లాక్కుంటున్నవాణ్ణి పిలిచి, నీ కళ్లు మంచివి, ఓపిక ఉంది, కాలేజీలో ప్లేట్లు చూసే పని ఉంది చెయ్యి అన్నావు. ఇంటర్‌తో ఆగిపోయినవాడికి అణుకేంద్రకం అంటే ఏమిటో కలకత్తా నుంచి ఫోన్‌లో చెప్పావు. వేడెక్కిన కేంద్రకం ఉడుకుతున్న అన్నం లాంటిదన్నావు. ఏ మెతుకు ఎప్పుడు ఎగిరి బయట పడుతుందో చెప్పలేం, కానీ వేలసార్లు చూస్తే సగటు చెప్పొచ్చు. పెద్ద కేంద్రకాల్లో ఆ సగటు లెక్క నడుస్తుంది. పన్నెండు కణాలే ఉన్న కార్బన్‌లో నడుస్తుందా, లేక ఆ చిన్నది తన ఇష్టం వచ్చినట్టు విరుగుతుందా, అదే నీ థీసిస్ అన్నావు. నేను అక్కడితో ఆగలేదు. నీ పాత పుస్తకాలు అటక మీంచి దింపి చదివాను. అర్థం కాని పేజీ అర్థమయ్యేదాకా తిప్పలేదు.

ప్లేటంటే గాజు పలక మీద ఎండిన జిగురు పొర. కార్బన్ ఆ జిగురులోనే ఉంది. న్యూట్రాన్ వచ్చి కొడితే కార్బన్ కేంద్రకం వేడెక్కి మూడు హీలియం ముక్కలవుతుంది. ఒకే చుక్కలోంచి మూడు నల్ల గీతలు. మా గదిలో దాన్ని ముక్కాలి అంటాం. నీ థీసిస్ నిలబడింది ముక్కాళ్ల లెక్క మీద, అందులో సగం నా కళ్లతో చూసింది.

నాది దొంగ లెక్కా, గుడ్డి లెక్కా? సార్‌కి ఏదని రాశావు? నీ ఫోన్ నంబర్ బ్లాక్ చేశాను. ఫోన్‌లో నువ్వు మాట తిప్పేస్తావు. కాగితం మీద రాయి. పన్నెండో తేదీకల్లా జవాబు రావాలి.

పెదనాన్న కూతురివైనా సొంత అక్కే అనుకున్నాను, ఈసారి అప్పా అని పైన రాయబుద్ధి కాలేదు.

వరహాలు

*

కలకత్తా
8 ఆగస్టు 2025

వరహాలూ,

నీ ఉత్తరం నా చేతికిస్తూ హాస్టల్ వార్డెన్, ఈ కాలంలో ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా అని మురిసిపోయింది. నాకు ప్రేమలేఖ వచ్చిందనుకుంది. లోపల ఏముందో ఆమెకి తెలిస్తే నన్ను చూసి జాలిపడేది.

దొంగ లెక్క అని రాయలేదు. గుడ్డి లెక్క అనీ రాయలేదు. నీ ప్లేట్లు వేరుగా ఉంచండి, నేను ఒకసారి సరిచూసుకోవాలి అని రాశాను. వాటిని పడెయ్యమనీ, నిన్ను ఇంటికి పంపమనీ నేను అనలేదు. అది సార్ చేసిన పని. కానీ హార్బర్ మాట మాత్రం నాదే, నేనే రాశాను.

సంగతి ఇది. కార్బన్ ఉత్త సగటు లెక్క ప్రకారమే విరిగితే ముక్కాలి కాళ్లు ఎటు పడితే అటు విప్పారి ఉండాలి. అలా కాకుండా ముందు ఒక ముక్క ఊడి, మిగిలింది తర్వాత రెండైతే, ఆ రెండు కాళ్లూ దగ్గర దగ్గరగా, జంటగా వెళ్తాయి. నీ ప్లేట్లలో ఈ జంటకాళ్లవి సగటు చెప్పేదానికంటే బాగా ఎక్కువ. అది చూసి నేను ఎగిరి గంతేశాను. చిన్న కేంద్రకం సగటుకి లొంగలేదని నా మూడో అధ్యాయం అంతా రాసేశాను. తర్వాత రోజారమణి చూసిన ప్లేట్లు విడిగా తీసి చూశాను. వాటిలో ఆ ఎక్కువ లేదు. ఒకే పెట్టెలోంచి వచ్చిన ప్లేట్లు, ఒకే న్యూట్రాన్లు. చూసే మనిషిని బట్టి కార్బన్ మారదు కదా.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. హార్బర్‌లో వేలం ముందు చేపలు లెక్కపెడుతూ తోక తెగినవాటిని చూడకుండానే పక్కకి విసిరేస్తాడు. నువ్వు ఆయన పక్కన కూర్చుని లెక్క నేర్చుకున్నవాడివి. కాలు తెగిన ముక్కాళ్లని, అంటే ఒక గీత పొర దాటి బయటికి పోయినవాటిని, నువ్వూ అలాగే వదిలేస్తున్నావేమో అనుకున్నాను. సార్‌కి అదే రాశాను, కొంచెం సరదాగా. అది నవ్వే విషయం కాదు. మన ఇంటి సంగతి వాళ్ల నోట్లో పెట్టాను.

ఒక్క సాయం చెయ్యి. ప్లేటు పెట్టిన దగ్గర్నుంచి తీసేదాకా నీ చేతులు ఏం చేస్తాయో అలాగే రాసి పంపు. ల్యాబ్ గోడ మీద అంటించిన నియమాల కాగితంలో ఏముందో వద్దు. నువ్వు చేసేది కావాలి.

ఇక్కడ వాన వదలడం లేదు. క్యాంటీన్‌లో అన్నిట్లోనూ ఆవనూనె. పిన్ని చేసే చేపల పులుసు కలలోకి వస్తోంది.

నీ
అప్ప

*

కంచరపాలెం
13 ఆగస్టు 2025

అప్పా,

పిలుస్తున్నాను, కోపం పోయి కాదు. పిలవకుండా రాసినందుకు అమ్మ తిట్టింది.

తెగిన కాళ్లు నేను వదల్లేదు. ఒక్కటి కూడా వదల్లేదు. తెగినవాటికి పక్కన సున్నా చుట్టి, ఏ కాలు తెగిందో కూడా రాశాను. నువ్వు చూసుకోలేదంటే అది నీ తప్పు. తోక తెగిన చేపని పెదనాన్న విసిరేస్తాడు కాబట్టి నేనూ విసిరేస్తానా? పెదనాన్న బీడీ కాలుస్తాడు, నేను కాలుస్తానా?

నా చేతులు ఏం చేస్తాయో విను. ప్లేటు మీద దుమ్ము ఊది, ఎడమ పై మూలకి తెస్తాను. అద్దంలో ఒక నలుచదరపు గడి కనిపిస్తుంది. గడి మొత్తం పైనుంచి కిందికి దిగుతాను. పొరకి లోతు ఉంది కాబట్టి చక్రం తిప్పుతూ పై పొర, నడిమి పొర, అడుగు అన్నీ చూస్తాను. లాభం, రెండు, మూడు అని లోపల అనుకుంటాను. ఒకటి అనను, పెదనాన్న నేర్పినట్టు లాభం అంటాను. మొదట్లో సార్ విని లాభం ఎవరయ్యా అని అడిగాడు. గడి అయిపోయాక పలకని సరిగ్గా ఒక గడి కుడికి జరుపుతాను. ఒక్కదాన్ని రెండుసార్లు ఎక్కించలేదు. ఎందుకు ఎక్కించలేదో తెలుసా? గడి అంచు మీద పడ్డదాన్ని నేను ముట్టుకోను. సగం ఈ గడిలో, సగం పక్క గడిలో ఉన్నది ఎవరి లెక్కలోకీ రాదు. రెండు పడవల కుప్పల మధ్య పడ్డ చేపని పెదనాన్న ఏ పడవకి రాస్తాడు? దేనికీ రాయడు. అది హార్బర్‌లో చేపలేరుకునే గురువమ్మ గంపలోకి పోతుంది. చిన్నప్పుడు ఒకటి తీసి మా కుప్ప మీద వేశానని ఆ ముసలమ్మ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది. పెదనాన్న కూడా "మద్దిన పడ్డది ఎవుడిదీ కాదురా. తీసినావంటే దొంగోడివి" అన్నాడు. అంత ఖచ్చితంగా నేర్చుకున్నాను లెక్క. నన్ను దొంగ లెక్క అంటారా.

ఇంకేం కావాలి నీకు? మా ఇంటి వెనక గూడ్సు వెళ్తుంటే గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. రాత వంకరగా ఉంటే నా చెయ్యి అనుకోకు.

ఇంట్లో ఊరికే కూర్చోవడం నావల్ల కావడం లేదు. ఐస్ ప్లాంట్ మేస్త్రీ కొండలరావు కనపడి, మళ్లీ వచ్చెయ్యమన్నాడు. "కాలేజీ పని అయిపోనాదటగా" అన్నాడు. ఆ మాట అక్కడిదాకా ఎలా వెళ్లిందో నాకు తెలీదు. ఇంకా ఏమీ చెప్పలేదు.

వరహాలు

*

కలకత్తా
19 ఆగస్టు 2025

వరహాలూ,

దొరికింది. అంచు.

బస్‌స్టాప్‌లో చదువుతూ బస్సు వదిలేశాను. గడి అంచు మీద పడ్డవాటిని వదలకూడదు. ఎడమ అంచునా పైఅంచునా ఉన్నవి ఈ గడిలోకి తీసుకోవాలి. కుడి అంచునా కింది అంచునా ఉన్నవి పక్క గడికి వెళ్లాలి. అలా అయితే ఏదీ రెండుసార్లు రాదు, ఏదీ పోదు. నువ్వు నాలుగు వైపులా వదిలేశావు. కాళ్లు బాగా విప్పారిన ముక్కాలి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకని అంచును తాకేది ఎక్కువగా అదే. జంటకాళ్లది ముడుచుకుని ఉంటుంది, గడి మధ్యలో హాయిగా మిగిలిపోతుంది. వెడల్పువి పోయి ముడుచుకున్నవి మిగిలాయి. నేను కార్బన్ విచిత్రం అనుకున్నది గురువమ్మ వాటా.

కోపం తెచ్చుకునే ముందు మిగతాది చదువు. ఈ నియమం నీకు ఎవరూ చెప్పలేదు. గోడ మీది కాగితం నా దగ్గరా ఉంది, ఇప్పుడే చూశాను, అందులో అంచు మాటే లేదు. రోజారమణికి మేం నేర్పలేదు. ఆవిడ అంతకుముందు రక్తపరీక్షల ల్యాబ్‌లో రక్తకణాలు లెక్కపెట్టేది, అక్కడా ఇదే అంచు నియమం, ఆ అలవాటుతో వచ్చింది. నువ్వు నీ అలవాటుతో వచ్చావు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాల్సింది మేమే.

ఇప్పుడు మంచి సంగతి. దీన్ని సరిచెయ్యడం తేలిక. ఎంత పొడవు కాళ్లున్నది ఎంత వంతు అంచుకి తగులుతుందో లెక్క కట్టొచ్చు. ఆ లెక్కతో నీ సంఖ్యల్ని గుణిస్తే పోయినవి తిరిగి వచ్చేస్తాయి. నీ ప్లేట్లు ఉంటాయి. నువ్వు మళ్లీ చూడక్కర్లేదు, కాలేజీకి పోయి ఎవరి ముందూ నిలబడక్కర్లేదు. నేనే చేసేస్తాను. సార్‌తో నేను మాట్లాడతాను.

నాన్నకి మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేస్తే బాగానే ఉందంటాడు. నువ్వు చూసి రాయి.

అప్ప

*

కంచరపాలెం
23 ఆగస్టు 2025

అప్పా,

ఎవరు అడిగారు నిన్ను నాకు దయ చెయ్యమని?

అంచు సంగతి ఒప్పుకుంటున్నాను. రోజారమణిని చెరువు గట్టు దగ్గర బస్సెక్కుతుంటే పట్టుకుని అడిగాను. నువ్వు రాసినట్టే చెప్పింది. "ఇంత చిన్న విషయం నన్ను అడగకపోయావా తమ్ముడూ" అంది. అడగాలని తెలిస్తే కదా అడిగేది. పెదనాన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. వేలం అయిపోయాక తడి గోనె మీద కూర్చుని మోకాలికి ఐస్ ముక్క పెట్టుకున్నాడు. బాగానే ఉందన్నది అబద్ధం, వాచి ఉంది. అంతా విని, "అక్కడ గురువమ్మ నేదు కదరా. మరి ఆ మద్దినవి ఎవుడికి పోతన్నాయనుకున్నావు" అన్నాడు. ఇన్ని నెలలు ఆ స్టూలు మీద కూర్చున్నాను కదా, ఆ ప్రశ్న ఒక్కసారి రాలేదు నాకు.

కానీ నీ గుణకారం నాకు నచ్చలేదు. ఆ ముక్కాళ్లు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. ప్లేటులోనే ఉన్నాయి, అంచుల మీదే ఉన్నాయి. పలక పెట్టి చూస్తే కనపడేదాన్ని గుణించడం ఏమిటి? ఇంట్లో ఉన్న మనుషుల్ని పిలిస్తే వస్తారు కదా, తలుపు బయట నిలబడి లోపల ఇంతమంది ఉండాలి అని అంచనా కడతావా?

ఇంకోటి. నువ్వు గుణిస్తే, నీ కాగితం మీద నా ప్లేట్లు ఉంటాయి. నేను ఉండను. హార్బర్ లెక్కని మేడమ్ సరిచేసిందని సార్ అందరికీ చెప్తాడు. వచ్చే పెట్టె ప్లేట్లు వచ్చినప్పుడు ఆ స్టూలు మీద ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. నాకు కావలసింది ఆ స్టూలు. ఐస్ దిమ్మ లాగడం నాకు వచ్చు, అది మర్చిపోను. ఇది నాకు దొరికిన పని, అప్పా. పొద్దున ఆ గడి వెలుగు కంట్లో పడినప్పుడు ఇంకేమీ గుర్తుండదు నాకు. దాన్ని నీ గుణకారంతో నా చేతిలోంచి తీసెయ్యొద్దు.

అంచులన్నీ నేనే మళ్లీ చూస్తాను. సార్‌తో చెప్పి గది తీయించు. అదొక్కటి చెయ్యి. ఎందుకు వద్దంటున్నావో నాకు అర్థం కావడం లేదు. నా మీద నమ్మకం లేకనా?

నెలాఖరులోగా తేల్చు.

వరహాలు

*

కలకత్తా
29 ఆగస్టు 2025

వరహాలూ,

నమ్మకం లేక కాదు. భయం వేసి.

నీ సంఖ్యల్ని గుణించి చూశాను. జంటకాళ్ల ఎక్కువ బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. కొంచెం మిగిలింది. ఆ కొంచెం మీద నా మూడో అధ్యాయం ఒంటికాలితో నిలబడుతుంది. కానీ ఏ పొడవు కాళ్లు ఎన్ని ఉంటాయన్నది నేను ముందే ఊహించుకుని గుణించాలి. ఆ ఊహ కొంచెం అటు కదిపితే మిగిలింది పెరుగుతుంది, ఇటు కదిపితే మాయమవుతుంది. నేను ఎటు కదుపుతున్నానో నాకు తెలుసు. నువ్వు నిజంగా చూస్తే ఆ కొంచెం కూడా పోవచ్చు. పోతే, పన్నెండు కణాల కార్బన్ కూడా పెద్దవాటిలాగే సగటుకి తలవంచుతుందని రాయాలి. అది తప్పేం కాదు, అదీ ఒక ఫలితమే. కానీ మా గైడ్ ఇప్పటికే రెండు చోట్ల ఇంకోలా చెప్పేశాడు. ఎవరి ముందూ నిలబడక్కర్లేదని నీకు రాశాను చూడు, అందులో సగం నీ కోసం, సగం నా కోసం.

సార్‌కి మళ్లీ రాశాను, రోజారమణికీ మా గైడ్‌కీ కాపీ పెట్టి. హార్బర్ అన్న మాట నాది, అది తప్పు, అంచు నియమం చెప్పనిది మనం అని రాశాను. సార్ ఫోన్ చేశాడు. మంచివాడే, కానీ పని గడవాలంటాడు. రోజారమణి మధ్యాహ్నం వెళ్లిపోయాక ఆవిడ మైక్రోస్కోప్ నువ్వు వాడుకోవచ్చు. సెప్టెంబర్ ఇరవై రెండున ప్లేట్లన్నీ పెట్టెలో సర్ది ఇక్కడికి పంపేస్తారు. ఆలోగా నీ లెక్క నమ్మదగ్గదని తేలితే వచ్చే పెట్టె నీకే. తేలకపోతే కొత్త మనిషిని తీసుకుంటాడు. "తమ్ముడి లెక్కని అప్ప బాగుందంటే నేనెలా నమ్మేదమ్మా" అన్నాడు.

చూడు. అన్ని అంచులూ చూడు. ఏం వచ్చినా రాయి.

నాన్న మోకాలి సంగతి చెప్పినందుకు బతికిపోయావు, లేకపోతే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

అప్ప

*

కంచరపాలెం
8 సెప్టెంబర్ 2025

అప్పా,

చూశాను. అన్నీ చూశాను.

మొదటి రోజు సార్ తలుపు దగ్గర నిలబడ్డాడు. రోజారమణి వెళ్లిపోకుండా కూర్చుని, మొదటి ప్లేటు అంచులు నాతో పాటు చూసింది. ఎడమది నాది, కుడిది పక్కవాడిది అని నేను తడబడిన ప్రతిసారీ వేలితో బల్ల మీద కొట్టింది. రెండో ప్లేటు నుంచి కొట్టలేదు.

అవి ఎలా ఉన్నాయో నీకు చెప్పాలి. గడి మధ్యలో కనపడేవాటికంటే అంచు మీదవి పెద్దవి. కాళ్లు బార్లా చాపుకుని, ఒక కాలు ఈ గడిలో, రెండు కాళ్లు పక్క గడిలో. పలకని కొంచెం జరిపితే మొత్తం కనపడుతుంది. కొన్నిటిని చూసి చెయ్యి ఆగిపోయింది. ఇన్ని నెలలు వీటి పక్కనుంచే వెళ్లాను. కొత్తవేం కావు. ఒక్క గీత దాటి చూసి ఉంటే కనపడేవి. నాకు కోపం వచ్చింది, ఈసారి నీ మీద కాదు. సార్ మీదా కాదు.

అంచుల మీద జంటకాళ్లవి కూడా ఉన్నాయి. నీ గుణకారంలో అవి ఇన్ని వచ్చి ఉండవనిపిస్తోంది. ఇంతకంటే చెప్పను.

లెక్క పూర్తయింది. నీ అధ్యాయం నిలబడుతుందో కూలుతుందో నాకు తెలుసు. సంఖ్య మాత్రం నీకు రాయను. సార్ అడిగాడు, "ఏం తేలిందయ్యా" అని. "మా అప్ప సూసినాక సెప్తాను సార్" అన్నాను. ఆయన మొహం చిట్లించి, "మరి ఆవిడ చూసేదెప్పుడు" అన్నాడు. అదే నేనూ అడుగుతున్నాను.

నువ్వు రావాలి. నేను చూసిన ప్లేట్లలో ఏదో ఒకటి సార్ చేతే తీయిస్తాం, నాకు తెలియకుండా. నువ్వు ఆ స్టూలు మీద కూర్చుని మొదటి గడి నుంచి చివరి గడి దాకా నువ్వే చూసుకో. నేను గదిలో ఉండను, బయట మెట్ల మీద కూర్చుంటాను. నీ సంఖ్య నువ్వు కాగితం మీద రాసి సార్‌కి ఇవ్వు. ప్రతి ప్లేటుకీ నా సంఖ్య అప్పటికే ఆయన దగ్గర కవర్లో ఉంటుంది. రెండూ రోజారమణి ముందు విప్పుతారు. కలిస్తే, నీ థీసిస్‌కి ఏ అధ్యాయం వస్తే ఆ అధ్యాయం రాసుకో, నాకు వచ్చే పెట్టె వస్తుంది. కలవకపోతే నేనే వెళ్లి కొండలరావుకి సరే అని చెప్తాను, నిన్ను ఒక్క మాట అనను. తమ్ముడని నమ్మడమూ వద్దు, తమ్ముడని అనుమానించడమూ వద్దు. కంటితో చూడు.

నీకు భయం అన్నావు. నాకూ ఉంది. నీ కళ్లు చాలాకాలంగా కంప్యూటర్ గీతలే చూస్తున్నాయి, ప్లేటు చూసి ఎన్నేళ్లయిందో. నీ సంఖ్యే తప్పయితే నా పని పోతుంది. అయినా నువ్వే చూడాలంటున్నాను.

నీ నంబర్ ఇంకా బ్లాక్‌లోనే ఉంది. తీస్తే నువ్వు ఫోన్ చేస్తావు, నువ్వు రెండు ప్రశ్నలు అడిగితే నా నోట్లోంచి సంఖ్య జారిపోతుంది. నా సంగతి నీకు తెలుసు.

ప్లేట్లు ఇరవై రెండున వెళ్లిపోతాయి. కొండలరావు పద్దెనిమిది పొద్దున్న మాట చెప్పమన్నాడు. కాబట్టి నీ జవాబు పదిహేడుకల్లా నా చేతిలో ఉండాలి. గైడ్ ఒప్పుకోలేదు, సెలవు లేదు, వానలు అని రాసి పంపకు, అవి నేను చదవను. ఏ రోజు, ఏ రైలు, అదొక్కటి రాయి. స్టేషన్‌కి నేను వస్తాను.

వరహాలు